గోనెపట్టాల కింద బాడ్మింటన్ కోర్టు

మంచి ఉద్దేశంతో బయల్దేరిన మనిషి ఎంత నష్టం చెయ్యగలడో తెలుసుకోవాలని మీకెప్పుడైనా అనిపిస్తే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, నా పక్కన ఓ అరగంట కూచోండి చాలు. రాయపూర్ రైల్వే కాలనీలో పాతికమంది కష్టపడి నిలబెట్టుకున్న ఆటస్థలాన్ని నేను ఒంటిచేత్తో, ఎవరి సలహా చెవిన పెట్టకుండా, సర్వనాశనం చేసిన వైనం చెప్తాను. సర్వనాశనం అన్న మాట నాది కాదు, మా అక్కది. ఆవిడ మాటలు ఆచితూచి వాడే మనిషి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. గూడ్సుషెడ్డులో గుమస్తా ఉద్యోగం, అక్కా బావల క్వార్టర్లో మకాం. మా లైన్లో ఉన్నవాళ్ళందరూ శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి రైలు పట్టాలతోబాటే ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, కూరల బజార్లో ఛత్తీస్‌గఢీ. మా ఆడవాళ్ళయితే మూడూ కలిపి ఒకే వాక్యంలో తిట్టగలరు. ఆ వాక్యాలు అన్నీ నేను విన్నాను. ఎప్పుడు విన్నానో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

క్వార్టర్ల పెరళ్ళకీ, వ్యాగన్లు ఆపి ఉంచే సైడింగు పట్టాలకీ మధ్య ఓ ఖాళీ జాగా ఉండేది. అందులో తుమ్మముళ్ళు ఏరి, కంకర తట్టల్లో ఎత్తిపోసి, పనికిరాని బాయిలరు గొట్టాలు రెండు పాతి వల కట్టి, బాల్ బాడ్మింటన్ మొదలుపెట్టినవాడు సోములు మావయ్య. ఆయన బాయిలర్ ఫిట్టరు. వరసకి ఎవరికీ మావయ్య కాడు గనక అందరికీ మావయ్యే. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్ళంతా అక్కడికే చేరేవారు. ఆడేవాళ్ళు పదిమంది, చూసేవాళ్ళు నలభైమంది, ఆట నేర్పేవాళ్ళు యాభైమందీను. ఊరినుంచి వచ్చిన ఉత్తరాలు చదువుకునేదీ, పెళ్ళి సంబంధాలు కుదుర్చుకునేదీ, బదిలీ అయిన వాడికి వీడ్కోలు చెప్పేదీ అన్నీ ఆ వల పక్కనే. అది లేకపోతే ఆ ఊళ్ళో మేం ఎవరి గుమ్మంలో వాళ్ళం కూచుని గోడలు చూసుకునేవాళ్ళం.

ఎటొచ్చీ నేల మాత్రం మంచిది కాదు. నల్లమట్టి. వానాకాలం కాళ్ళకున్న చెప్పులు ఊడబెరుక్కునేది. ఎండాకాలం నెర్రెలు విచ్చేది. ఉన్ని బంతి నెర్రెలో పడితే ఆట ఆపి, ఎవరి చెయ్యి సన్నగా ఉందో చూసి వాణ్ణి పిలవాల్సి వచ్చేది.

ఓ వేసవిలో పిడుగులాంటి కబురొచ్చింది. ఆ జాగాలో స్లీపర్లు, అంటే పట్టాల కింద వేసే దుంగలు, పేరుస్తారట. సోములు మావయ్య పదిమందిని వెంటేసుకుని ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంజనీరుగారు చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. ముళ్ళూ నెర్రెలూ ఉన్న బీడుని ఆటస్థలమని ఎలా రాయమంటారని అడిగాడు. జూన్ రెండో వారంలో అటు తనిఖీకి వస్తాననీ, నేల చదునుగా గట్టిగా కనిపిస్తే ఆ జాగా మీకే రాసిచ్చి, క్లబ్బు గదికి పాత బోగీ ఒకటి ఇప్పిస్తాననీ, లేకపోతే ఆ పూటే దుంగలు దించేయిస్తాననీ తేల్చి చెప్పాడు.

మావయ్యకి మరుసటేడు రిటైర్మెంటు. దారిలో నాతో ఒకే మాటన్నాడు. "నాను ఎల్లిపోయేలోగా ఆ జాగా పిల్లల పేర్న రాయించేసి ఎల్లాలిరా సూరిగా. మరింకేటీ కోరిక నేదు నాకు."

ఆ మాట విన్నాక మంచివాడెవడైనా ఏం చేస్తాడు? నోరు మూసుకుని పెద్దలు చెప్పిన పని చేస్తాడు. నేను నోరు తెరిచాను. మా ఊళ్ళో వరి నూర్చే కళ్ళం ఎలా చేస్తారో నాకు తెలుసన్నాను. మట్టి తడిపి, ఊక కలిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికిన కళ్ళం మీద గోళీ వదిలితే ఈ చివరినుంచి ఆ చివరికి పోతుందన్నాను. కోర్టుకి అలాంటి నేల చేసి చూపిస్తానన్నాను. నాకు కళ్ళంతో ఉన్న పరిచయమల్లా చిన్నప్పుడు గడ్డికుప్ప మీద పడుకుని పేలాలు తినడం. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అందరూ నాకేసి గౌరవంగా చూశారు. అలా చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

పని మొదలైంది. మట్టి తవ్వడానికి కాలనీ అంతా దిగింది. ఊక తేవడం నా వంతు. తెలీబంధా దారిలో ఓ ధాన్యం మిల్లుంటే బండి కట్టించుకుని వెళ్ళాను. ఊకంతా ఇటుక బట్టీల వాళ్ళు పట్టుకుపోయారట. వారం ఆగమన్నారు. ఆగితే అది నేనెలా అవుతాను? మిల్లు వెనకాల ఓ పెద్ద కుప్ప కనిపించింది. నేల ఊడ్చిన చెత్త. పొట్టూ, తప్పా, తాలూ, దుమ్మూ అన్నీ ఉన్నాయి. ఊరికే తీసుకుపొమ్మన్నారు. బండి నిండా ఎత్తించుకుని జయించినవాడిలా తిరిగొచ్చాను.

మావయ్య గుప్పెడు తీసి అరచేతిలో రాసి చూశాడు. "ఇందులో గింజలున్నాయిరా. ఇది ఊక కాదు."

"గింజలుంటే మరీ మంచిది మావయ్యా," అన్నాను. "సిమెంట్లో ఇసకలాగ పట్టేస్తాది."

దయచేసి ఈ ముక్క గుర్తుంచుకోండి. నన్ను హెచ్చరించలేదని రేపు ఎవరూ అనుకోకూడదు.

మట్టి కలిపాం, పరిచాం, కొట్టాం, పేడతో అలికాం. మూడోనాటికి కోర్టు అద్దంలా తయారైంది. నేనే నమ్మలేకపోయాను. కాని ఎండలు మండిపోతున్నాయి. నెర్రె విచ్చితే చేసిందంతా దండగ. అందుకని నేను మరో గొప్ప ఆలోచన చేశాను. గూడ్సుషెడ్డులో చిరిగిపోయిన గోనెసంచులు గుట్టగా పడున్నాయి. మా పెద్దబాబుని, అంటే హెడ్డు గుమస్తాని, అడిగి అవన్నీ తెచ్చి, విప్పదీసి, పట్టాలుగా కుట్టమని ఆడవాళ్ళకిచ్చాను. మిట్టమధ్యాహ్నం పనులు మానుకుని, దబ్బనాలు పట్టుకుని, వేళ్ళు గుచ్చుకుంటున్నా కుట్టిపెట్టారు మహాతల్లులు. ఆ పట్టాలు కోర్టంతా కప్పి, ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం నుంచి బకెట్లతో మోయించి, పొద్దునా సాయంత్రం తడిపాను. పైగా ఇంజనీరుగారు వచ్చేదాకా ఎవరూ పట్టా ఎత్తి చూడకూడదని ఆర్డరేశాను. ఆయన చేతే ఎత్తిస్తే ఆ మజాయే వేరని నా ఊహ.

మీరు ఎప్పుడైనా వ్యవసాయం చేసినవారైతే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. చెయ్యనివారు నాలాగే నిశ్చింతగా ఉండండి.

ఆ రోజుల్లో సైడింగు దగ్గర గ్యాంగు పనికి బుధారూ అని ఓ మేట్ ఉండేవాడు. గ్యాంగు కూలీల పెద్ద. ఆరంగ్ పక్క పల్లెటూరివాడు. నల్లటి పొట్టి మనిషి, మాట తక్కువ. నేను తడుపుతుంటే రోజూ రైలు పట్టాల మీద ఆగి చూసేవాడు. ఒకరోజు దగ్గరికొచ్చి, గోనె మీద చెయ్యి పెట్టి వేడి చూసి, ఎంతో మెచ్చుకోలుగా తలాడించాడు. "హమర్ గాంవ్ మ ఘలో ఐసనే కరథన్, బాబూ," అన్నాడు. మా ఊళ్ళోనూ ఇలాగే చేస్తామని.

నేను పొంగిపోయాను. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కూడా బాడ్మింటన్ కోర్టులు నా పద్ధతిలోనే చేస్తున్నారని ఇంటికెళ్ళి బావతో చెప్పాను. బావ తంతి ఆఫీసులో పనిచేసేవాడు. ఎక్కువ మాటలంటే పడదు. "మంచిది," అన్నాడు.

ఐదో రోజుకి గోనెపట్టాలు అక్కడక్కడ కాస్త ఉబ్బినట్టు కనిపించాయి. అక్క పెరట్లోంచి చూసి పిలిచింది.

"ఒరే, ఆ గోనెలేటిరా, పైకి లేచొత్తన్నాయి?"

"నేల సర్దుకుంటందక్కా."

"నేల సర్దుకుంటే కిందికి పోవాల గాని పైకొత్తాదేటి?"

ఆడవాళ్ళకి నేల సంగతులు తెలియవని సమాధానం చెప్పాను. ఇంటి ముందు రోజూ నేల అలికి ముగ్గేసే మనిషితో చెప్పానన్నమాట ఈ సంగతి.

తనిఖీ రోజు వచ్చింది. పొద్దున్నే కాలనీ అంతా ఉతికిన బట్టల్లో నిలబడింది. మావయ్య ఇస్త్రీ ధోవతి కట్టి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కొత్త బంతి చేతిలో పట్టుకున్నాడు. పట్టా తీయగానే ఇంజనీరుగారి చేత మొదటి దెబ్బ కొట్టించాలని. అటు సైడింగులో దుంగల వ్యాగన్లు రెండు సిద్ధంగా నిలబెట్టి ఉన్నాయి. వాటి పక్కన బుధారూ గ్యాంగు. నేల బాగుంటే వ్యాగన్లు వెనక్కి, లేకపోతే ఇక్కడే ఖాళీ. మా బతుకు ఆ గోనెపట్టాల కింద ఉంది.

ఇంజనీరుగారు వచ్చాడు. నేను ఓ చిన్న ఉపన్యాసం హిందీలో కంఠతా పట్టాను. అది అప్పజెప్పి, వంగి, గోనెపట్టా అంచు ఆయన చేతికందించాను. ఆయన ఓ కొస, నేనో కొస పట్టుకుని లాగాం.

కింద వరినారు. ఒకటీ అరా కాదు, ఈ చివరనుంచి ఆ చివరదాకా. రెండేసి అంగుళాల మొలకలు, వెలుతురు చూడక లేతపసుపు రంగులో, ఒకదాన్నొకటి తోసుకుంటూ. గింజలున్న చెత్త నేలకి కలిపి, తడిపి, తడిగోనెతో కప్పి వారం రోజులు వెచ్చగా ఉంచితే ఏం జరగాలో అదే జరిగింది. విత్తనం మొలకెత్తించడానికి రైతులు చేసేది సరిగ్గా ఇదే. బుధారూ మెచ్చుకున్నది నా కోర్టుని కాదు, నా సేద్యాన్ని.

చావు ముంచుకొచ్చినప్పుడు మనిషికి తెలివి పుడుతుందంటారు గాని నాకు పుట్టింది అబద్ధం. అది పచ్చిక అనీ, పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఉన్నట్టు కోర్టుకి పచ్చిక వేయించామనీ చెప్పాను. ఇంజనీరుగారు వంగి ఓ మొలక పీకాడు. వేరుకి వడ్లగింజ ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని నా ముక్కు ముందు పెట్టి, మీ పచ్చిక ఎన్నాళ్ళకి కోతకొస్తుందని అడిగాడు.

అక్కడ నిలబడ్డ పిల్లలు నవ్వారు. పెద్దలు నవ్వలేదు. సోములు మావయ్య చేతిలో బంతి అలాగే పట్టుకుని, ఇస్త్రీ ధోవతితోనే కోర్టు అంచున మట్టిలో కూలబడ్డాడు. నాకేసి చూడలేదు. తిట్టినా బాగుండును. ఆ తర్వాత బతుకులో నేను చాలా తిట్లు తిన్నాను గాని, ఆ చూడకపోవడమంత గట్టిగా ఏదీ తగల్లేదు.

ఇంజనీరుగారు గడియారం చూసుకున్నాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే, ఇది ఆటస్థలం కాదు, దుంగలు ఇక్కడే దించండని గ్యాంగుకి చెయ్యి ఊపి, కారు కేసి నడిచాడు.

బుధారూ మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. మొదటి దుంగ నలుగురు మోసుకొచ్చారు. కోర్టు అంచుదాకా వచ్చి ఆగిపోయారు. బుధారూ కింద మొలకల్ని చూశాడు, తన కాళ్ళు చూసుకున్నాడు. చెప్పుల్లేని కాళ్ళు. తలపాగా సర్దుకుని వెనక్కి తిరిగాడు.

"ధాన్ మ గోడ్ నఇ మఢావన్, సాహెబ్," అన్నాడు. వరి మీద కాలు పెట్టం అని.

కారు దాకా వెళ్ళిన ఇంజనీరుగారు వెనక్కొచ్చాడు గాని, ఆయనకి మొదట అర్థం కాలేదు. అయ్యాక కోపమొచ్చింది. ఇది పొలం కాదు, ఓ తెలివితక్కువవాడు చేసిన గందరగోళమని నన్ను వేలితో చూపించి చెప్పాడు. చూపించిన తీరు సరిగ్గానే ఉంది, నాకేం అభ్యంతరం లేదు. బుధారూ నన్నోసారి జాలిగా చూశాడు.

"బోవయ్యా బైహా హోహీ, సాహెబ్. ధాన్ తో బైహా నోహయ్."

విత్తినవాడు పిచ్చివాడైతే కావచ్చు, వరి పిచ్చిది కాదు కదా అని దాని అర్థం. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. వెనకాల దుంగ మోస్తున్న నలుగురూ అలాగే భుజాల మీద బరువుతో నిలబడ్డారు. వాళ్ళ వెనకాల గ్యాంగులో తక్కిన ముగ్గురు. వాళ్ళలో ఒక్కడికీ బాల్ బాడ్మింటన్ అంటే ఏమిటో తెలీదు. మా కోసం చెయ్యలేదు వాళ్ళు. వానలకి ముందు మొలిచిన వరిని తొక్కడం వాళ్ళ చేత కాదు, అంతే. అయినా ఆ క్షణాన ఆ పదహారు నల్లటి పాదాలకీ మొక్కాలనిపించింది నాకు.

ఇంజనీరుగారు ఇంకా చేతిలోనే ఉన్న మొలకని చూశాడు. ఆయన ఏ ఊరివాడో, ఆయన తాతగారికి ఎన్ని ఎకరాలుండేవో నాకు తెలీదు. ఆ మొలకని మాత్రం పారెయ్యలేదు. వంగి, పీకినచోటే గుచ్చి, వేలితో మట్టి అదిమాడు. దుంగలు సైడింగుకి అవతల, బూడిద దిబ్బ పక్కన దించమన్నాడు. కోత అయ్యేదాకా మాత్రమేనని మావయ్యతో చెప్పి వెళ్ళిపోయాడు.

జనం వెళ్ళాక నేను మావయ్య పక్కన కూచున్నాను. క్షమించమని అడగబోయాను. ఆయనే అన్నాడు. "పోనీలేరా సూరిగా. నువ్వెట్టిన చెయ్యి పచ్చటి చెయ్యి. నాను ఇన్నేళ్ళు ముళ్ళు పీకినా ఇక్కడొక్క గడ్డిపోచ మొలవనేదు." ఆయన ఓదార్చాడో దెప్పాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలకపోయినా ఆ మాటకి నేను ఋణపడే ఉన్నాను.

ఇక ఆ మూడు భాషల వాక్యాలు. గోనెలు కుట్టి వేళ్ళు పొడుచుకున్న ఆడవాళ్ళు వారం రోజులపాటు వంతులవారీగా నన్ను సత్కరించారు. అక్క ఆ వారమంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నం గరిటె ఎత్తి, "నీ పొలంలోది ఇంకా పండలేదురా, కాస్త సర్దుకో," అని వడ్డించేది.

మొలిచాక వదలడానికి వీల్లేదు కదా. కోత వరకు జాగా మాదే గనక పంట నిలబడాలి. చుట్టూ జానెడు గట్టు వేశాం. వానలు పడ్డాయి. డ్యూటీ దిగి, ఇదివరకు బంతి కొట్టినవాళ్ళంతా ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి కలుపు తీశారు. మాకు వరికీ గడ్డికీ తేడా తెలీదు. బుధారూ భార్య ఫులేశరీ గట్టు మీద నిలబడి, పీకాల్సింది వదిలి ఉంచాల్సింది పీకుతుంటే పళ్ళు బిగించి చూసేది. రైలు ఇంజను విప్పి బిగించగల మావయ్య ఆవిడ ముందు బళ్ళో పిల్లాడిలా నిలబడి చూపించుకునేవాడు. కార్తీకంలో కోశాం. రెండు బస్తాలకి కాస్త తక్కువ వచ్చింది. మొదటి బస్తా బుధారూ ఇంటికి పంపాం. రెండోది కాలనీ అంతా పొంగలి వండుకు తిన్నాం. అంత రుచి అన్నం నేను తర్వాత ఎక్కడా తినలేదు.

కోత అయ్యాక కోర్టు మళ్ళీ చేశాం. ఈసారి ఫులేశరీ చేయించింది. వాళ్ళూ కళ్ళం చేసుకునేవాళ్ళే. సరైన కాలంలో, సరైన ఊకతో, సరిగ్గా నేను చెప్పిన పద్ధతిలోనే చేసింది. అంటే పద్ధతి మంచిదే, మనిషే తేడా. అప్పుడు మాత్రం గోళీ వదిలితే చివరిదాకా పోయింది. మావయ్య స్వయంగా వదిలి చూశాడు.

దుంగల సంగతంటారా? అవి బూడిద దిబ్బ పక్కనే ఉండిపోయాయి. రైల్వేలో ఒకచోట దించిన దుంగని రెండోచోటికి మార్చాలంటే దాని కన్న బరువైన ఫైలు కదలాలి. ఇంజనీరుగారు చలికాలంలో మరోసారి వచ్చి, నేల మీద బూటుతో తట్టి చూసి వెళ్ళాడు. పదిరోజులకి పాత బోగీ వచ్చింది, దాని వెనకాలే ఆర్డరు కాగితం వచ్చింది.

ఆ సాయంత్రం అందరూ వల దగ్గర చేరారు. మావయ్యకి ఇంగ్లీషు రాదు. కాగితం నాకిచ్చి, గట్టిగా తెలుగులో చదవమన్నాడు. మొదటి షరతు, ఈ జాగా కాలనీవారి ఆటలకి ఇవ్వడమైనది. మావయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. రెండో షరతు, ఇందులో సేద్యం చేయరాదు. అందరూ నవ్వారు. మూడోది చదవకుండా కాగితం మడిచాను. ఇంగ్లీషు వచ్చిన మా బావ, ఎప్పుడూ మాట్లాడని మనిషి, ఆ పూటే నోరు విప్పి, "ఇంకోటుంది, చదువు," అన్నాడు.

చదివాను. గూడ్సుషెడ్డు గుమస్తా సూర్యనారాయణ అనువాడు గోనెసంచీతోగాని, నీళ్ళ బకెట్టుతోగాని, ధాన్యపు పొట్టుతోగాని సదరు స్థలంలోకి ప్రవేశించరాదు. అతడు అంగీకరించి కింద సంతకం చేసి పంపవలెను.

సంతకం చేశాను. సాక్షి అని రాసి ఉన్నచోట బుధారూ వేలిముద్ర వెయ్యాలని నేనే పట్టుబట్టాను. అతను సిరా వేలు తలపాగాకి తుడుచుకుంటూ, నున్నగా మెరుస్తున్న ఆ నేలకేసి చూసి, నా చెవి దగ్గరికి వంగి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏ దరీ కా బోబే, బాబూ?"

ఈసారి ఏం విత్తుతావని.

అతని రెండు చేతులూ పట్టుకుని, కాలనీ అంతా వింటుండగా ప్రమాణం చేశాను. ప్రాణం పోయినా సరే, నేను ఇక ఈ భూమ్మీద దేన్నీ బాగుచెయ్యను.